నీళ్లలో వేసిన నంబరు

మా అత్తమ్మ పేరు మీద ఆమె జన్మలో వచ్చిన మొదటి ఉత్తరం పన్ను బాకీ నోటీసు. అలాంటి కాగితం ఇంటికొస్తే ఎవరైనా తలుపు దగ్గరగా వేసుకుని గుట్టుగా చదువుకుంటారు. మా అత్తమ్మ దాన్ని పట్టుకుని నేరుగా గల్లీలోకి నడిచింది. పోస్టుమ్యాన్ ఇంకా బండి స్టాండు తీయనేలేదు, ఈవిడ ఎదురింటి గడప దగ్గర నిలబడి, "సర్కారు నాకు జాబు రాసింది, జర సదివి చెప్పుండ్రి" అంటోంది.

ఎదురింటామె కళ్లజోడు తెచ్చుకుని పైకే చదివింది. ఫలానా నంబరు గల ప్రయాణికుల వాహనానికి మూడు నెలలకోసారి కట్టవలసిన పన్ను చాలా విడతలుగా కట్టలేదు, దాని మీద జరిమానా కూడా పడింది, యజమాని వెంటనే చెల్లించాలి. చదివేకొద్దీ ఆమె గొంతు తగ్గిపోతోంది, వినేకొద్దీ అత్తమ్మ మొహం వెలిగిపోతోంది.

"యజమాని అని రాసిన్రా? నా పేరే ఉన్నదా? మల్లొక్కపారి సదువు," అంది.

నేను ఇంట్లో మిషన్ మీద ఎవరిదో పెళ్లి జాకెట్టు కుడుతున్నాను. కిటికీలోంచి ఇదంతా వినబడి, నవ్వాపుకోలేక కుట్టు పక్కకు పోయింది. ఎందుకంటే ఆ నోటీసులో ఉన్న బండి అప్పటికి ఈ లోకంలోనే లేదు. వరద నీళ్లలో మునిగింది, ఇన్సూరెన్సు వాళ్లు ఇక పనికిరాదని తేల్చారు, రామాయంపేటలో పాత ఇనుము కొనే ఆయన దగ్గర ముక్కలైంది. లేని బండికి సర్కారు పన్ను అడుగుతోంది. అడిగించుకున్న మనిషేమో గల్లీ అంతా తిప్పి చూపిస్తోంది.

ఆ బండి అత్తమ్మ పేరు మీదికి ఎలా వచ్చిందో చెప్పాలి. మా ఆయన మెదక్ బస్టాండు దగ్గర కిరాయి బండి నడుపుతాడు. పెళ్లయిన కొత్తలో వేరేవాళ్ల బండికి డ్రైవరు. సొంతానికి ఒకటి కొందామని ఫైనాన్సు ఆఫీసుకు వెళితే, ఎప్పుడో వాయిదాల మీద ఫోను కొని డబ్బు ఎగ్గొట్టిన సంగతిని కంప్యూటరు అందరి ముందూ బయటపెట్టింది. అత్తమ్మ ఆ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. మహిళా సంఘంలో తీసుకున్న ఏ అప్పునూ గడువు దాకా ఉంచుకోని మనిషి ఆవిడ. ఆమె వివరాలు కొట్టి చూసి ఫైనాన్సాయన లేచి నిలబడినంత పని చేశాడు. "అమ్మ పేరు మీదైతే రేపే ఇస్తం," అన్నాడు.

అంతకు ముందు ఆమె పేరు మీద ఏమీ లేదు. పొలం మామయ్యది. ఆయన పోయాక కొడుకు పేరుకు మారింది. ఇల్లూ అంతే. కరెంటు బిల్లు మీద ఇప్పటికీ మామయ్య పేరే వస్తుంది. బండి వచ్చిన రోజు ఆర్సీ కార్డు చేతిలో పెడితే, ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి తుడిచి చూసుకుంది. స్టాండులో వాళ్లు ఆమెను ఓనరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. మా ఆయనకు అమ్మ డ్రైవర్ అని పేరు పెట్టారు. బయట నవ్వేసేవాడు కానీ ఇంటికొచ్చి గిన్నెల మీద చప్పుడు చేసేవాడు. "నలభై ఏండ్లొచ్చినయి, ఇంక నేను అమ్మ డ్రైవర్‌నే," అని నాతో అనేవాడు. నాకూ జాలిగానే ఉండేది.

రిజిస్ట్రేషనప్పుడు ఏజెంటు బండి కింద కూర్చుని, ముందు చక్రం పక్కన ఉండే ఇనుప దూలం మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది ఏదో అచ్చు తీశాడు. అదేమిటని అత్తమ్మ అడిగితే, ఇది ఛాసిస్ నంబరు, పైన ప్లేటు మారినా ఇది మారదు, బండికి అసలు గుర్తు ఇదే అని చెప్పాడు. ఆ మాట ఆవిడ మనసులో దిగిపోయింది. దసరాకు లోకమంతా బానెట్ మీద పసుపు కుంకుమ పెడుతుంది. మా అత్తమ్మ మాత్రం గోనెసంచి పరిచి, కొంగు నడుముకు చుట్టి, బండి కింద సగం దూరి ఆ నంబరుకు బొట్టు పెట్టేది. రోడ్డు మీదికి ఆమె పాదాలు మాత్రమే కనబడేవి. ఒకసారి దారిన పోయే ఆయన యాక్సిడెంటు అనుకుని, "అయ్యో, ఎవలో బండి కింద పడ్డరు" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. లోపలి నుంచి ఆవిడ, "పడలే నాయినా, పూజ చేస్తున్న" అని బదులిచ్చింది.

ఇక ఆ బండి మునిగిన సంగతి. వానాకాలంలో నిజాంపేట నుంచి ఒక కుటుంబం మొక్కు తీర్చుకోవడానికి మా బండి మాట్లాడుకుని ఏడుపాయల అమ్మవారి గుడికి వెళ్లింది. అక్కడ యాట కోసి అక్కడే వండుకుని తినడం మామూలే. మా ఆయన బండిని బురద కడగాలని పాయ ఒడ్డుకు దించి పెట్టాడు. అంతలో అన్నం తినమని పిలుపొచ్చింది. మటన్ దగ్గర మొహమాటపడే మనిషి కాదు ఆయన. రెండోసారి వడ్డించుకుంటుండగా ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తిన నీళ్లు వచ్చేశాయి. విస్తరాకు చేతిలోనే పట్టుకుని పరుగెత్తాడు. బండి నిదానంగా లేచి, నీళ్ల మీద ఒక చుట్టు తిరిగి, కింద బండరాయికి ఆనుకుని ఆగింది. కాసేపటికి పైకప్పు కూడా కనబడలేదు.

అక్కడి నుంచే ఫోను చేశాడు. అత్తమ్మ ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది కాబట్టి నేనూ విన్నాను.

"అమ్మా, బండి పోయింది. నీళ్లల్ల మునిగింది."

"మనుషులేమన్న పోయిన్రా?"

"లేదమ్మా. అందరు ఒడ్డు మీదనే ఉన్నరు."

"నువ్వు తిన్నవా?"

"సగం తిన్న."

"పోయి మిగిలింది తిను. ఆకలితోని ఏం పరేషాన్ అయితవు," అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక మాత్రం చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. నేను టీ ఇస్తే తాగలేదు.

నీళ్లు తగ్గాక బండిని గొలుసులు కట్టి బయటికి లాగారు. ఇన్సూరెన్సు వాళ్ల తరఫున ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక కుర్రాఫీసరు వచ్చాడు. బురదలో కాలు పెట్టకుండా చుట్టూ తిరిగి చూడాలని ఎంతో ప్రయత్నించాడు కానీ కుదరలేదు. డ్యాష్‌బోర్డు కింద అర తెరిస్తే లోపల చిన్న చేప పిల్ల ఉంది. దానికి కూడా ఫోటో తీసుకున్నాడు. ఇంజను, వైర్లు, సీట్లు అన్నీ పోయాయి, బాగు చేయించే ఖర్చు బండి విలువను దాటిపోతుంది, కనుక టోటల్ లాస్ అని రాసుకున్నాడు. వచ్చిన డబ్బు ఫైనాన్సు అప్పుకు సరిపోయింది. అస్థిపంజరం మాకు మిగిలింది.

దాన్ని రామాయంపేటలో పాత ఇనుము కొనే ఆయనకు అమ్మేశాం. ఆయన గ్యాస్ కట్టర్ తీసి పని మొదలుపెడుతుంటే అత్తమ్మ అడ్డం నిలబడింది.

"నంబరున్న ముక్క నాకు కోసియ్యి. దాన్ని నేను అమ్మను."

"గిది దేనికమ్మా? అరచెయ్యంత ముక్క, ఏం ధర రాదు," అన్నాడాయన.

"ఏటేటా బొట్టు పెట్టిన దాన్ని తుక్కుల ఎట్ల వేస్త? కోసియ్యి."

ఆయన నవ్వుకుంటూ కోసిచ్చాడు. మన వైపు పూజ చేసిన వస్తువు ఏదైనా చెత్తలో వేయరు. దేవుడి పటం చిరిగినా, విగ్రహం విరిగినా పారే నీళ్లలో వదలాల్సిందే. అత్తమ్మ ఆ ఇనుప ముక్కకు పసుపు రాసి, నేను ఎవరికో కుట్టడానికి తెచ్చుకున్న ఎర్ర జాకెట్టు గుడ్డలో చుట్టి, మా ఇద్దరినీ వెంటబెట్టుకుని బస్సులో ఏడుపాయలకు తీసుకెళ్లింది. గుడి వెనక పాయలో నిలబడి, "అమ్మా, నువ్వు తీసుకున్న బండి నీకే అప్పజెప్తున్న. నీకు నాకు లెక్క సాఫ్" అని నీళ్లలోకి వదిలింది. మేం ముగ్గురం దండం పెట్టుకుని, బండి వ్యవహారం ఖతం అయిందని నమ్మి ఇంటికొచ్చాం.

అయిపోలేదని మొదట చెప్పింది ఇన్సూరెన్సు కాల్ సెంటర్ పిల్ల. తియ్యటి గొంతుతో, "మీ వాహనం పాలసీ గడువు అయిపోతోంది మేడమ్, రెన్యువల్ చేయిస్తారా?" అని అడిగింది.

"బండే లేదు బిడ్డా. నీళ్లల్ల పోయింది. మీవోళ్లే వచ్చి చూసిపోయిన్రు," అంది అత్తమ్మ.

"రికార్డులో బండి ఇంకా మీ పేరు మీద నడుస్తోంది మేడమ్."

"నా పేరు మీద నడుస్తున్నదట!" అని అత్తమ్మ నా వైపు తిరిగి మురిసిపోయింది. ఆ పిల్ల వారానికోసారి చేస్తూనే ఉంది. అత్తమ్మ కూడా ఎప్పుడూ విసుక్కోలేదు. చివరికి ఆ పిల్లకు వచ్చిన సంబంధం మంచిదో కాదో కూడా మా ఇంట్లోనే చర్చ జరిగింది. ఇన్సూరెన్సు మాత్రం కట్టలేదు. ఆ పిల్ల కూడా దాని సంగతి మరిచిపోయింది.

ఆ తర్వాతే నోటీసు వచ్చింది. దాన్ని చూసి మా ఆయన తల పట్టుకున్నాడు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే మేం రామాయంపేటలో ఒక సెకండ్ హ్యాండ్ బండికి బయానా ఇచ్చి ఉన్నాం. ఏడాదిగా మళ్లీ వేరేవాళ్ల బండి నడిపి నడిపి ఆయన నీరసపడిపోయాడు. కొత్త బండి వస్తే తప్ప మా బతుకు దారిలో పడదు.

ముగ్గురం ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాం. అత్తమ్మ పట్టుచీర కట్టుకుంది. పన్ను బాకీ కట్టడానికి పట్టుచీర ఏమిటని నేనంటే, "నన్ను పేరు వెట్టి పిలిచిన్రు, ఊకె పోతనా?" అంది. కౌంటర్లో క్లర్కు నోటీసు చూసి, కంప్యూటర్లో చూసి, మా వైపు చూశాడు.

"బండి ఏడున్నదమ్మా?"

"లేదు సారూ. ఏడుపాయలల్ల మునిగి పోయింది."

"పోయినట్టు ఎవలకన్న చెప్పిన్రా?"

"అమ్మవారికి చెప్పినం."

క్లర్కు చేతిలో పెన్ను ఆగిపోయింది. పక్క కౌంటరాయన కుర్చీ వెనక్కి జరిపి మరీ తొంగి చూశాడు.

"మంచిగనే చేసిన్రమ్మా. అమ్మవారికి చెప్పిన్రు సరే, మరి మాకెవలు చెప్తరు?"

వరసలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. అత్తమ్మ కూడా వాళ్లతో కలిసి నవ్వింది. క్లర్కు మంచివాడే, విడమరిచి చెప్పాడు. బండి నీళ్లలో పోయినా, ముక్కలైనా, ఆర్సీ రద్దయ్యేదాకా సర్కారు లెక్కలో అది రోడ్డు మీద తిరుగుతున్నట్టే. మూడు నెలలకోసారి పన్ను పడుతూనే ఉంటుంది. ఈ బాకీ తీరి, ఆ ఖాతా మూతపడేదాకా ఆమె పేరు మీద ఇంకో బండికి పర్మిట్ ఇవ్వరు. రద్దు చేయాలంటే ఆర్సీ కార్డుతో పాటు ఛాసిస్ నంబరున్న ముక్కను కోసి తెచ్చి ఆఫీసులో ఇవ్వాలి. ఆ నంబరుతో ఇంకెవరూ దొంగ బండి నడపకుండా అదొక జాగ్రత్త.

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. బండిలో వందల ముక్కలు ఉన్నాయి. వాటిల్లో సర్కారుకు కావలసిన ఒకే ఒక్క ముక్కను మేం బస్సు చార్జీలు పెట్టుకుని మరీ నీళ్లలో వేసొచ్చాం.

"ముక్క పోయిందని అఫిడవిట్ ఇచ్చినా నడుస్తది," అన్నాడు క్లర్కు.

"పోలేదు సారూ," అంది అత్తమ్మ. "ఏడ ఉన్నదో నాకు ఎరికే. అమ్మవారి దగ్గర నా చేతులతోని పెట్టిన. పోయిందని రాస్తే అమ్మవారు పోగొట్టినట్టు గాదా? నేను సంతకం వెట్ట."

ఎంత చెప్పినా వినలేదు. క్లర్కు చివరికి నీరసంగా, "అయితే కొత్త బండి మీ కొడుకు పేరు మీద రాయించుకోండ్రి. పాతదాని సంగతి నిదానంగ చూసుకోవచ్చు," అన్నాడు.

మా ఆయన నిటారుగా నిలబడ్డాడు. ఫోను బాకీ నేను కుట్టు డబ్బులతో ఎప్పుడో తీర్చేశాను. ఇప్పుడు ఆయన పేరుకు ఏ అడ్డూ లేదు. అత్తమ్మ నవ్వు మాత్రం అక్కడితో ఆగిపోయింది.

ఇంటికొచ్చి అన్నాలు తింటుంటే మాట మొదలైంది. పేరు ఎవరిదైతే ఏముంది, ఇంట్లోదే కదా అన్నాడు ఆయన. ఎవరిదైతే ఏమీ లేనప్పుడు నాదే ఉండనీ అంది ఆవిడ. "స్టాండుల అందరు నవ్వుతున్నరమ్మా," అన్నాడు. "నా పేరు మీద ఉన్నదే గదొక్కటి బిడ్డా," అంది. నాకు ఇద్దరి మాటా సబబుగానే అనిపించింది, అందుకే చారు తెస్తానని వంటింట్లోకి వెళ్లి అక్కడే నిలబడిపోయాను. చివరికి ఒప్పందం కుదిరింది. బండి అమ్మే ఆయన ఆదివారం దాకా ఆగుతానన్నాడు. ఆదివారం పొద్దుగూకే లోపల ఆ ముక్క నీళ్లలో దొరికితే బండి అమ్మ పేరు మీద. దొరక్కపోతే కొడుకు పేరు మీద. దొరికినా దొరకకపోయినా మళ్లీ ఎవరూ నోరెత్తకూడదు.

ఎండాకాలం కాబట్టి పాయలో నీళ్లు పల్చగా ఉన్నాయి. బండరాళ్ల మధ్య మాత్రం నడుము లోతు మడుగులు నిలిచాయి. అక్కడ తాడుకు అయస్కాంతం కట్టి, భక్తులు వేసిన చిల్లర పైసలు ఏరుకునే మొగుడూ పెళ్లాలు ఉంటారు. అత్తమ్మ వాళ్లతో బేరం కుదుర్చుకుని, ఒక బండ మీద ఎక్కి కూర్చుని, వేలు చూపిస్తూ హుకుములు జారీ చేయడం మొదలుపెట్టింది.

"గా బండకాడ వేసిన. కాదు, గీ బండకాడ. అప్పుడు నీళ్లు నిండ ఉండె, బండలన్ని మునిగి ఉండె. జర గటు చూడు."

అయస్కాంతానికి ఏమేమి అంటుకుని వచ్చాయో చెబితే నమ్మరు. గుర్రపు నాడా, సైకిలు గంట, త్రిశూలం ముక్క, ఒక తాళంకప్ప, దానిది కాని తాళంచెవి. ఒకసారి కుళ్లిపోయిన గుడ్డ చుట్టిన ఇనుప ముక్క వచ్చింది. అందరం గోల చేశాం. కడిగి చూస్తే దాని మీద నిజంగానే నంబరు చెక్కి ఉంది, కానీ మాది కాదు. మాలాంటి ఇల్లే ఇంకొకటి ఎక్కడో ఉందన్నమాట, వాళ్లూ తమ బండిని అమ్మవారికి అప్పజెప్పి హాయిగా ఉన్నారన్నమాట. అత్తమ్మకు కొండంత బలం వచ్చింది. "చూసినవా? నేనొక్కదాన్నే గాదు తెలివిలేనిదాన్ని," అని మా ఆయనను దెప్పి, ఆ ముక్కకు దండం పెట్టించి మళ్లీ నీళ్లలో వేయించింది. వాళ్లింటికి కూడా ఏదో ఒకరోజు నోటీసు వస్తుందని తలుచుకుని నాకు నవ్వు ఆగలేదు.

మొక్కులకు వచ్చిన వాళ్లు కూడా చుట్టూ చేరారు. సంగతి తెలిశాక కొందరు ప్యాంట్లు మడిచి నీళ్లలోకి దిగారు. ఇంకొకాయన వండుకున్న అన్నం మాకు కూడా పెట్టించాడు. మా ఆయన లుంగీ పైకి కట్టి, మడుగులో పాదాలతో తడుముతూ తిరుగుతున్నాడు. పొద్దు వాలేకొద్దీ ఆయనకు హుషారు పెరుగుతోంది. వాళ్లమ్మను ఆటపట్టిస్తున్నాడు, పాటలు పాడుతున్నాడు, అయస్కాంతం ఆయనకు సలహాలు ఇస్తున్నాడు. బండి క్షణక్షణానికీ తన పేరు మీదికి జరుగుతోందని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అత్తమ్మ మాత్రం మాటలు తగ్గించేసింది. ఎండకు కొంగు నెత్తిన వేసుకుని నీళ్లనే చూస్తోంది.

అప్పుడు మా ఆయన పాట మధ్యలో ఆగిపోయాడు.

పల్చటి బండ పక్కన, నడుము లోతులో ఉన్నాడు. కదలడం లేదు. కుడికాలు మాత్రం కింద దేన్నో అదిమి పట్టుకున్నట్టు భుజం ఆ వైపు వంగి ఉంది. ఒకసారి వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ చూడటం లేదు. అయస్కాంతం ఆయన ఇంకో మూల ఉన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆయన కాలి కింద ఏముందో ఆ మొహం చూస్తే నాకు తెలిసిపోయింది. ఆ కాలు తీసి పక్కకు వేస్తే చాలు, బండి ఆయనది. స్టాండులో ఇంకెవరూ నవ్వరు. నేను ఏ సైగా చేయలేదు. ఏం చేయమని చెప్పాలో నాకు తోచలేదు.

సరిగ్గా అప్పుడే కొత్తగా బస్సు దిగిన ఒక ముసలామె బండ దగ్గరికొచ్చి, "గింతమంది ఏం దేవులాడుతున్నరమ్మా? బంగారమేమన్న పోయిందా?" అని అత్తమ్మను అడిగింది.

"బంగారం గాదక్కా," అంది అత్తమ్మ. "నా పేరు పోయింది."

ఎగతాళిగా అనాలనే అనబోయింది, కానీ అది ఎగతాళిలా రాలేదు. ఆ మాట నీళ్ల మీదుగా ఆయనకు వినబడింది. ఆయన ఇంకా కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఊపిరి బిగబట్టి నీళ్లలోకి మునిగాడు. పైకి లేచినప్పుడు చేతిలో తుప్పు పట్టిన ముక్క ఉంది.

"అమ్మా, దొరికింది," అని అరిచాడు.

ఒడ్డంతా కేకలు. అత్తమ్మ బండ మీద నుంచి ఎలా దిగిందో తెలియదు, చీర కుచ్చిళ్లు నీళ్లలో ఈడ్చుకుంటూ వచ్చేసింది. ముక్కను కొంగుతో తుడిచి, చివరి అంకెలను ఒక్కొక్కటిగా వేలుతో తడుముతూ పైకి చదివింది. ఆమె ఒక్కో అంకె చదువుతుంటే చుట్టూ ఉన్న జనం కూడా వెంట అరిచారు. అన్నీ సరిపోయాయి. ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టేశారు.

"ఏడ దొరికిందిరా?"

"గీడనే. కాలు కిందనే ఉండె."

"ఎంత సేపాయె?"

"ఇప్పుడే అమ్మా."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

ఆవిడ కొడుకు మొహంలోకి అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపు చూసింది. తర్వాత తన తడి కొంగుతోనే ఆయన తల తుడిచింది. నలభై ఏళ్లొచ్చిన మనిషి అంతమందిలో తల వంచి తుడిపించుకున్నాడు.

ఆఫీసులో ఆ ముక్కను ఇచ్చేముందు దానికి చివరిసారి బొట్టు పెట్టింది అత్తమ్మ. క్లర్కు దాన్ని కాగితంతో తుడిచి, నంబరు సరిచూసుకున్నాడు. బాకీ కట్టేశాం. పాత బండి ఆర్సీ రద్దయింది. ఆ బండి చివరికి సర్కారు లెక్కలో కూడా చచ్చిపోయింది.

కొన్నాళ్లకు కొత్త బండి కాగితాల కోసం మళ్లీ అదే కౌంటరు దగ్గరికి వెళ్లాం. యజమాని పేరు అడిగితే అత్తమ్మ నోరు తెరవకముందే మా ఆయన ఆమె పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాడు. ఆఫీసులో ఆ మూల నుంచి ఈ మూల దాకా వినబడింది. క్లర్కు రాసుకుని, తల ఎత్తి, "నామినీ ఎవరమ్మా? మీ తర్వాత బండి ఎవలకు పోవాలె?" అని అడిగాడు.

అత్తమ్మ వెనక్కి తిరగకుండానే కొడుకు పేరు చెప్పింది. మా ఆయన కిందికి చూస్తూ చెప్పుల పట్టీ సర్దుకుంటున్నాడు. నేను చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ పట్టీకి ఏమీ కాలేదు.

అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగింది.

"నేను సచ్చినంకనే," అంది. "గప్పటిదాంక మంచిగ నడుపు."